రాయి ముట్టని రాళ్ళ పాఠం

2024 డిసెంబరు 4, బుధవారం. ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు ప్రాంతంలో భూమి కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. గంటన్నర తిరిగేసరికి బళ్ళు తెరిచారు. పిల్లలు ఏం అడుగుతారో వేరే చెప్పాలా? ఆ సాయంత్రం మా బాబాయి వరసైన ఒక హైస్కూలు సోషల్ మాస్టారు నాకు ఫోన్ చేశారు. "ఒరేయ్, దక్కను పీఠభూమి గట్టి నేల, ఇక్కడ భూకంపాలు రావు అని పాతికేళ్ళుగా చెప్తున్నాను. ఇవాళ ఏడో క్లాసు పిల్ల లేచి, మరి ఇదేంటి సార్ అంది. నేనేం చెప్పాలిరా?" అన్నారు.

నాకు తెలిసింది చెప్పాను. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర ఇంతకన్నా పెద్దదే, 5.7 తీవ్రతతో వచ్చింది. గోదావరి లోయ మామూలు లోయ కాదు, కోట్లాది ఏళ్ళ కిందట రెండు పక్కలా నేల నిలిచి నడుమ నేల కుంగిన పల్లం. ఆ పల్లంలో మేట వేసిన అడవే సింగరేణి బొగ్గు. పాత పగుళ్ళు అప్పుడప్పుడు కదులుతాయి. 1967లో కొయ్నా, 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి ఈ 'గట్టి నేల' మీదే జరిగాయి. కిల్లారిలో సుమారు పదివేల మంది పోయారు. అప్పటి మ్యాపులో అది అన్నిటికన్నా భయం తక్కువన్న ఒకటో జోన్. 2002లో మ్యాపు సవరించినప్పుడు ఆ ఒకటో జోన్‌నే ఎత్తేశారు.

అంతా విని బాబాయి ఒక్కమాటన్నారు. "ఇన్ని ట్రైనింగులకి వెళ్ళాను. ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదేం?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. భూమి గురించి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు మనం పెడుతున్న శిక్షణ తరగతులు ఎలా వున్నాయి, ఎలా వుండాలి, అందులో యూనివర్సిటీ కాలేజీ వాళ్ళం మనం చేయదగింది ఏమన్నా వుందా అన్నది. ఎవరికి పట్టింది ఈ గొడవ అనుకునే మిత్రులు పేజీ తిప్పే ముందు ఒక సంగతి వినాలి. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండులోని ఫుకెట్ బీచిలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లీషు పిల్ల సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం చూసి, ఇది సునామీ అని గోల పెట్టింది. అప్పటికి రెండు వారాల కిందట వాళ్ళ జాగ్రఫీ మాస్టారు ఆ పాఠం చెప్పారు. ఆ పిల్ల మాట విని బీచి ఖాళీ చేయించారు, దాదాపు వందమంది బతికారు. అదే రోజు మన కోస్తాలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. మన పిల్లలకు తెలివి తక్కువా? ఆ పాఠం వాళ్ళకి ఎవరు చెప్పాలి అన్న దగ్గరే చిక్కంతా వుంది.

మన బడిలో లెక్కల మాస్టారు వున్నారు, ఫిజికల్ సైన్సు, బయాలజీ, సోషల్, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మాస్టార్లు వున్నారు. భూవిజ్ఞానం మాస్టారు అనే పోస్టు లేదు. రాళ్ళు, పర్వతాలు, భూకంపాలు సోషల్‌కి వెళ్ళాయి. ఖనిజం నుంచి లోహం తీయడం ఫిజికల్ సైన్సుకి వెళ్ళింది. నేల, శిలాజాలు బయాలజీలో పడ్డాయి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టు, అందరి సబ్జెక్టు కాబట్టి ఎవరి సబ్జెక్టూ కాకుండా పోయింది. సోషల్ మాస్టార్లలో చాలామంది డిగ్రీలో చదివింది చరిత్ర, రాజకీయం, అర్థశాస్త్రం. చంద్రగుప్తుడి గురించి అడిగితే గంట చెప్పగలరు. రూపాంతర శిల అంటే మాత్రం పుస్తకంలో వున్న మూడు లైన్లే చెప్పాలి, ఎందుకంటే ఆ రాయి ఆయన ఏనాడూ చేత్తో పట్టుకోలేదు. ఇది ఆయన తప్పు కాదు. పట్టుకోమని ఆయన చేతికి ఎవరూ ఇవ్వలేదు.

పైగా ఈ శాస్త్రం కదలకుండా కూర్చునేది కాదు. ఫలకాల సిద్ధాంతం, అంటే ఖండాలు ముక్కలు ముక్కలుగా కదులుతున్నాయన్నది, 1960ల చివరకి గాని గట్టిపడలేదు. 1970లో ఉద్యోగంలో చేరిన మాస్టారు కాలేజీలో చదివిన హిమాలయాలు వేరు, ఆయన 1990లో చెప్పాల్సిన హిమాలయాలు వేరు. లెక్కల మాస్టారికి ఈ బాధ లేదు, పైథాగరస్ మాట మార్చడు. అంచేత మిగతా వాళ్ళకి మధ్యమధ్య శిక్షణ వుంటే మంచిది గాని, భూమి పాఠం చెప్పే వాళ్ళకి అది లేకపోతే గడవదు.

కాగితం మీద లోటేమీ లేదు. 1964–66 కొఠారీ కమిషన్ ప్రతి ఉపాధ్యాయుడికీ అయిదేళ్ళకొకసారి రెండు మూడు నెలల శిక్షణ వుండాలంది. 1986 జాతీయ విద్యావిధానం తరవాత జిల్లాకొక డైట్ పెట్టారు, 1987 నుంచి కాలేజీ లెక్చరర్లకు అకడెమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. 2020 విధానం ఏడాదికి కనీసం 50 గంటలంది. 2019లో మొదలైన 'నిష్ఠ' కార్యక్రమం ఏకంగా 42 లక్షల మంది ఉపాధ్యాయుల లెక్క పెట్టుకుంది. ఇన్నీ వున్నాయి. కాని ఢిల్లీలో కొందరు నేర్చుకుని రాష్ట్రాల వాళ్ళకి చెప్పడం, వాళ్ళు జిల్లాల వాళ్ళకి, జిల్లాల వాళ్ళు మండలాల వాళ్ళకి చెప్పడం అనే పద్ధతిలో ఏమవుతుందో కాలవల కింద వ్యవసాయం చేసే వాళ్ళని అడిగితే చెప్తారు. హెడ్‌రెగ్యులేటర్ దగ్గర నీళ్ళు నిండుగానే వుంటాయి. చివరి ఆయకట్టు రైతుకి అందేది బురద.

ఆ చివరి ఆయకట్టు ఎలా వుంటుందో ఒకసారి చూశాను. ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో ఒక జిల్లా కేంద్రంలో సోషల్ ఉపాధ్యాయులకు పెట్టిన శిక్షణలో రాళ్ళ నమూనాలు చూపించడానికి మనిషి కావాలంటే నేనూ మరో మిత్రుడూ వెళ్ళాం. హాల్లో అరవై మంది. తలుపులు మూసేశారు, ప్రొజెక్టరు కనిపించాలి కదా. శిలాచక్రం బొమ్మ తెర మీద వేసి ఒకాయన ఇంగ్లీషులో వున్నది ఇంగ్లీషులోనే చదివారు. వెనక బెంచీల్లో కొందరు తమ బడి హాజరు యాప్‌లో ఎక్కడం లేదని ఫోన్లతో కుస్తీ పడుతున్నారు. మధ్యాహ్నం భోజనం బాగుంది, అది ఒప్పుకోవాలి. మేం తెచ్చిన నమూనాల పెట్టె నాలుగింటికి తెరవమన్నారు. నాలుగింటికి టి.ఎ. ఫారాలు వచ్చాయి, సంతకాలు మొదలయ్యాయి. పెట్టె చుట్టూ మిగిలింది అయిదుగురు. వారిలో ఒక టీచరమ్మ గార్నెట్ గింజలున్న రాయి చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇలాంటివి మా బడి వెనక గట్టు నిండా వున్నాయి బాబూ, ఇదేనా ఆ రూపాంతర శిల?" అన్నారు. ఇదేనండీ అన్నాను. ఆవిడ ముఖం చూడాలి! పదహారేళ్ళుగా పుస్తకంలో చెప్తున్న మాటా, పదహారేళ్ళుగా రోజూ చూస్తున్న గట్టూ ఒకటేనని ఆ నిమిషంలో తెలిసింది.

ఆ హాలు కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. కిటికీ మూసి కొండ పాఠం చెప్పారు.

ఇక్కడ ఉపాధ్యాయుల్ని వెక్కిరించడం తేలిక. ట్రైనింగంటే పిక్నిక్కు అనే మాట మనం వింటూనే వుంటాం. నేను ఒప్పుకోను. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు, ఓటర్ల జాబితా, ఎన్నికల డ్యూటీ, వీటన్నిటి మధ్య వేసవి సెలవుల్లో పిలిచి కూర్చోబెట్టి, తనకి తెలిసిన దాన్నే తెలియని భాషలో చెప్తే ఎవరికైనా నిద్ర రాకేం చేస్తుంది? లెక్చరర్ల సంగతి మరీ మెరుగేం కాదు. రిఫ్రెషర్ కోర్సు సర్టిఫికెట్‌కి ప్రమోషన్‌తో ముడి పెట్టాక, కోర్సు చేయడం వేరు, సర్టిఫికెట్ సంపాదించడం వేరు అయిపోయింది. పెద్దలు కోప్పడరాదు. క్యాంటీనులో మీరు అనుకునే మాటే నేను రాస్తున్నాను.

నా వాదన ఒక్కటే. భూమి గురించిన శిక్షణ భూమి మీద జరగాలి. అదీ ఎక్కడో వున్న పేరుమోసిన భూమి మీద కాదు, ఆ ఉపాధ్యాయుడి బడికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో వున్న భూమి మీద. జియలాజికల్ సర్వే వాళ్ళకి హైదరాబాదు బండ్లగూడలో పెద్ద శిక్షణ సంస్థ వుంది. అయినా తమ కొత్త జియాలజిస్టుల్ని హాల్లో కూర్చోబెట్టి సరిపెట్టరు. కర్ణాటకలో చిత్రదుర్గకి, రాజస్థాన్‌లో జావర్‌కి తీసుకెళ్ళి సుత్తి చేతికిచ్చి ఎండలో నడిపిస్తారు. ఎం.ఎస్సీ. చదివి పరీక్ష పాసై వచ్చిన వాడికే బయట తిప్పడం అవసరమైతే, చరిత్ర చదివి రాళ్ళ పాఠం చెప్పవలసిన వాడికి అక్కరలేదా?

బడి గుమ్మం దాటనక్కరలేకుండానే మొదలుపెట్టొచ్చు. మన బళ్ళలో సగం నేలలు కడప బండతోనో, బేతంచెర్ల నాపరాయితోనో, తాండూరు బండతోనో పరిచినవి. అదంతా సున్నపురాయి, ఒకప్పటి సముద్రపు అడుగు. ఫిజికల్ సైన్సు మాస్టారి దగ్గర పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వుంటుంది, ఒక చుక్క వేస్తే బండ బుసబుసమని పొంగుతుంది. అదే చుక్క గుమ్మం ముందున్న గ్రానైటు మెట్టు మీద వేస్తే ఏమీ కాదు. ఇక చేతిలోని సుద్దముక్క మీద వేసి చూడండి. పేరు సుద్దే గాని, ఇప్పుడు బజార్లో వచ్చేది చాలావరకు జిప్సంతో పోసింది, అది పొంగదు. మూడు చుక్కలతో మూడు రకాలు తెలిసిపోయాయి. తరవాత అడగాల్సిన ప్రశ్న మన వంటింట్లోనే వుంది: రోలు, రుబ్బురోలు, తిరగలి నాపరాయితో ఎందుకు చేయరు? నల్లరాయో గ్రానైటో ఎందుకు వెతుక్కుంటారు? గ్రానైటులోని పలుగురాయి మేకుకి లొంగదు. నాపరాయి మేకుతో గీస్తే గీత పడుతుంది, పైగా చింతపండు పులుపుకి తినేస్తుంది. రాతి గట్టితనం గురించి పుస్తకంలో పేజీ చదివిన పిల్ల మర్చిపోతుంది గాని, అమ్మమ్మ రోలు గురించి ఆలోచించిన పిల్ల మర్చిపోదు.

బయటికొస్తే ఇక అంతే లేదు. విశాఖనే తీసుకోండి. కైలాసగిరి, సింహాచలం కొండలు ఖోండలైట్ అనే రాయి. 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని ఈ కొండల్లో వుండే ఖోండు గిరిజనుల పేరు మీద దానికా పేరు పెట్టారు. కోణార్క గుడి కట్టింది ఈ రాయితోనే. ఒకనాడు నీటి అడుగున మేట వేసిన బురద, భూమి లోపల కిలోమీటర్ల లోతుకి దిగి, ఉడికి, నలిగి, దాదాపు వంద కోట్ల ఏళ్ళ కిందట ఈ రూపానికొచ్చింది. అందులోని ఎర్ర చుక్కలే గార్నెట్. ఆ కొండ దిగి బీచికి వస్తే ఇసుకలో అక్కడక్కడ ఎర్రటి చారలు, నల్లటి చారలు కనిపిస్తాయి. ఎరుపు ఆ కొండలోంచి రాలిన గార్నెట్. నలుపులో ఇల్మనైట్ వంటి బరువు ఖనిజాలు. ఒక అయస్కాంతం పేపరులో చుట్టి ఇసుకలో తిప్పితే నల్ల గింజలు కొన్ని అంటుకుని లేస్తాయి. అక్కణ్ణుంచి భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు. సినిమా పాటల్లో చూసినంతగా ఆ దిబ్బల్ని పాఠంలో ఎవరూ చూడలేదు. సముద్రం ఒకప్పుడు చాలా వెనక్కి వెళ్ళింది. ఇరవై వేల ఏళ్ళ కిందట ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు తక్కువ. సముద్రాల రాకపోకల కాలంలో గాలికి పోగైన ఇసుక, ఇనుప తుప్పు పట్టి ఎర్రబడి, వాన నీళ్ళకి కోసుకుపోయి అలా నిలిచింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాకి మన దేశం చేర్చిన ఏడు ప్రకృతి స్థలాల్లో ఇదొకటి, తిరుమల కొండలు ఇంకొకటి.

తిరుమల మాటొచ్చింది గనుక చెప్పాలి. ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట కింద గ్రానైటు, దాని మీద అడ్డంగా పరిచినట్టున్న ఇసుకరాతి పొరలు వుంటాయి. ఆ రెంటికీ మధ్య గీతలో పోయిన కాలం దాదాపు ఎనభై కోట్ల ఏళ్ళని లెక్క కట్టారు. పుస్తకంలోంచి పేజీలు చించేసినట్టు, అంత కాలం తాలూకు రాళ్ళు అక్కడ లేవు. రోజూ వేల మంది బస్సు కిటికీలోంచి దాన్ని చూడకుండా గోవిందా అంటూ వెళ్ళిపోతారు. గోవిందా అనడంలో తప్పు లేదు. పిల్లల్ని తీసుకొచ్చిన మాస్టారు ఒక్క నిమిషం అటు చూపించి వుంటే? రాజమండ్రి దగ్గర కాతేరు క్వారీలు మరో వింత. మహారాష్ట్ర వైపు పుట్టిన లావా వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి అక్కడ దాకా వచ్చింది, ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట, రాక్షసబల్లులు అంతరించిన రోజుల్లో. ఆ లావా పొరల నడుమ సున్నపురాయి, అందులో శిలాజాలు. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రజ్ఞులు వచ్చి చూసి వెళ్ళారు. దగ్గరి బళ్ళ మాస్టార్లకి ఆ క్వారీ అంటే కంకర లారీలు తిరిగే చోటు.

బాగానే వుంది, ఇదంతా ఊహ కదా అంటారేమో. కాదు, చేసి చూసిన వాళ్ళున్నారు. మధ్యప్రదేశ్‌లో 1972లో పదహారు బళ్ళతో మొదలైన హోషంగాబాద్ సైన్సు కార్యక్రమంలో వేసవిలో మూడు వారాలు ఉపాధ్యాయులు పిల్లల్లా కూర్చుని ప్రతి ప్రయోగం తమ చేత్తో చేసేవారు. అంతటితో వదిలేయలేదు. నెల నెలా కలుసుకుని, ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడుకునేవారు. జిల్లా అంతా పాకిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం మూసేసింది, అది వేరే కథ. మనకి దగ్గరి ఉదాహరణ కూడా వుంది. 1980లలో బ్రిటిష్ సాయంతో మన రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, 'అప్పెప్' అంటే పాత మాస్టార్లు ఇప్పటికీ తలుచుకుంటారు. చుట్టుపక్కల బళ్ళ వాళ్ళంతా ఒక టీచర్ సెంటర్‌లో కలుసుకునే ఏర్పాటు దాంతోనే వచ్చింది. దాని ఆరు సూత్రాల్లో ఒకటి, స్థానిక పరిసరాలను పాఠానికి వాడుకోవడం. సూత్రం గోడ మీదికెక్కింది, పరిసరాలు మాత్రం బడి బయటే వుండిపోయాయి.

మూడో ఉదాహరణ నా వాదనకి కొంచెం అడ్డొస్తుంది, అయినా చెప్తాను. ఇంగ్లండులో కీల్ యూనివర్సిటీలో 1999లో భూవిజ్ఞాన బోధన విభాగం ఒకటి పెట్టారు. అక్కడా మనలాగే రాళ్ళ పాఠం చెప్పేది కెమిస్ట్రీ వాళ్ళూ బయాలజీ వాళ్ళూ. ఈ విభాగం మనుషులు సామాను సంచిలో వేసుకుని బడికే వెళ్ళి, గంటన్నర సేపు ఉపాధ్యాయుల చేత ప్రయోగాలు చేయించి వచ్చేవారు. గంటన్నరతో ఏమవుతుందని అందరూ అన్నారు. 2009లో వాళ్ళు అచ్చువేసిన పరిశీలనలో తేలిందేమంటే, అంత చిన్న తరగతి తరవాత కూడా ఉపాధ్యాయులు పాఠం చెప్పే తీరు మార్చుకున్నారని. అంచేత రోజులు పెంచండి అని నేను అడగడం లేదు. అయిదు రోజుల హాలు కన్నా గంటన్నర చేతిపని నయం. కాకపోతే ఇంగ్లండు బడికి వానెక్కువ, మన బడికి కొండ దగ్గర. చలిదేశం వాళ్ళు గదిలో చేయక తప్పనిది మనం బయట చేయొచ్చు.

కష్టాలు లేవనను. టీచరమ్మలు చాలామంది వుంటారు. తెల్లవారి బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరాలి, దారిలో మరుగుదొడ్డి వుండాలి, చంటిపిల్లల తల్లులుంటారు. ఇవి చిన్న సంగతులని నవ్వేసిన ప్రతి క్షేత్ర పర్యటనా మగవాళ్ళ షికారుగానే ముగిసింది. ఎండ వుంది, బి.పి., షుగర్లు వున్నాయి. అందుకే దూరం వద్దంటున్నాను. ఎంత దగ్గరి గట్టు అయితే అంత మంచిది, మర్నాడు పిల్లల్ని తీసుకుని తనే వెళ్ళగలగాలి.

ఇంకో మాట. ఉపాధ్యాయుడు ఖాళీ కుండ కాదు. ఏది రేగడి, ఏది చవుడు, ఏ పొలంలో బోరు ఎన్ని అడుగులకి పడింది, ఏ బావిలో నీళ్ళు ఉప్పన అన్నది ఊళ్ళో పుట్టి పెరిగిన మాస్టారికి మనకన్నా తెలుసు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో ఆ ప్రాంతపు పెద్దలు గోడ చూపించి చెప్తారు. మనం పేరు చెప్తే వాళ్ళు చోటు చూపిస్తారు. శిక్షణ అంటే ఒకరు పోయడం, ఇంకొకరు పట్టుకోవడం అనుకున్నన్నాళ్ళు ఈ సగం మనకి దక్కదు.

సరే, మన సంగతి. విశాఖకి ఎదురుగా సముద్రం అడుగున వున్న లోయల్లో ఒకదానికి మహదేవన్ అని పేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ శాఖకు పునాది వేసిన సి. మహదేవన్ గారి పేరది. 1950లలో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఇక్కడికొచ్చి పనిచేసిన రోజుల్లో పెట్టారు. తెలుగు విశ్వవిద్యాలయాల్లో జియాలజీ చదివిన వాళ్ళు చమురు బావుల్లో, గనుల్లో, జియలాజికల్ సర్వేలో, దేశదేశాల్లో వున్నారు. ఈ సంచిక అందుకునే పూర్వ విద్యార్థుల్లో ఎంతమంది తాము చదివిన ఊరి బడికి ఒక పెట్టెడు రాళ్ళు పంపారు? కాలేజీకి బెంచీలు, ఫ్యాన్లు ఇస్తున్నారు, సంతోషమే. ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలి, రాయికి ఏమీ అక్కర్లేదు.

మన జియాలజీ విద్యార్థులు ఏటా ఫీల్డుకి వెళ్తారు. బస్సులో ఆఖరి వరస ఖాళీగానే వుంటుంది, లేకపోతే దాని మీద సంచులు పడుకుంటాయి. ఆ ఆరు సీట్లు చుట్టుపక్కల హైస్కూళ్ళ సోషల్, సైన్సు ఉపాధ్యాయులకి ఇవ్వమంటున్నాను. ఒక రోజుకే. విద్యార్థికి కూడా లాభమే. తనకి నిజంగా అర్థమయిందో లేదో మాస్టారికి తెలుగులో చెప్పి చూస్తే తెలుస్తుంది. "ఫోలియేషన్" అనేసి తప్పించుకోవడానికి వీల్లేదు, పొరలు పొరలుగా ఎందుకుందో చెప్పాలి. నాలుగు నెలల తరవాత అదే ఆరుగురినీ మళ్ళీ పిలవాలి, తమ బడి దగ్గర దొరికిన రాళ్ళు తెమ్మని. పేర్లు రాసి ఇస్తే ఆ పెట్టె ఆ బడిదే అవుతుంది. అద్దాల బీరువాలో పెట్టి తాళం పోగొట్టే పెట్టె కాదు, పిల్లలు చేత్తో పట్టుకుని పోగొట్టే పెట్టె. పోతే ఏం, వెనక గట్టు మీద ఇంకోటి దొరుకుతుంది.

లెక్చరర్లు ఒక అభ్యంతరం చెప్తారని తెలుసు. ఇలాంటి పనికి ప్రమోషన్ లెక్కలో పాయింట్లు రావు. నిజమే. వచ్చేట్టు చేయమని అడగడం అధ్యాపక సంఘం పని, అడగాలి కూడా. పాఠశాల విద్యాశాఖ వాళ్ళు ఆ ఒక్క రోజునీ ఏడాది 50 గంటల్లో జమ కట్టుకుంటే మాస్టార్లకి సెలవు పెట్టే బాధ తప్పుతుంది. అది జిల్లా విద్యాశాఖకి ఒక ఉత్తరం రాస్తే తేలే సంగతి. ఆ ఉత్తరం యూనియన్ రాయొచ్చు.

ఖర్చు మాటకొస్తే, మనిషికి ఒక భూతద్దం, ఒక అయస్కాంతం, మేకు, చుక్కల సీసాలో పలచటి ఆమ్లం, పాత న్యూస్‌పేపర్లు. ఆరుగురికీ కలిపి చూసినా ఈ సావనీరులో కార్యవర్గం రంగుల ఫొటోలకి అయిన దానికన్నా తక్కువే. (ఫొటోలు బాగా వచ్చాయి, కాదనను.) మొదటిసారికి రూటు కూడా చెప్తాను. ఆరున్నరకి కాలేజీ గేటు, ఏడింటికి కైలాసగిరి కింద రోడ్డు కోసిన చోట ఖోండలైట్, ఎనిమిదింటికి బీచిలో నల్ల ఇసుక, టిఫిను అక్కడే. తొమ్మిదిన్నరకి ఎర్రమట్టి దిబ్బలు, అక్కడ మాత్రం సుత్తి సంచిలోనే వుండాలి, మట్టి కూడా తీయకూడదు. ఎండ ముదిరేలోగా, పదకొండుకల్లా బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి హాస్టల్ మెస్సుకి వచ్చేయొచ్చు.